అశోక పట్ట వెతుక్కుంటూ త్రిశ్శూరు దాకా

మొదటి రోజు: గుంటూరు నుంచి

శబరి ఎక్స్‌ప్రెస్ గుంటూరు దాటేసరికి చీకటి పడింది. అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా పక్కనే, బ్యాగులో ఒక చిన్న ప్లాస్టిక్ కవరు. అందులో మూడు బెరడు ముక్కలు. ఐదేళ్ళ కిందట మా దగ్గర్లోని టౌన్లో ఒక మూలికల కొట్టులో ‘అశోక పట్ట’ అని అడిగి కొన్నవి. వాటి సంగతి తేల్చుకోవడానికే బయల్దేరాను.

అప్పట్లో అమ్మకు నెలసరి వస్తే పది రోజులైనా ఆగేది కాదు. మా నాయనమ్మ దాన్ని ఎర్రబట్ట అనేది. ‘అశోక పట్ట కషాయం కాచి పొయ్యండే, తగ్గుద్ది’ అని ఆవిడ చెప్పిందే మంత్రం. మూడు నెలలు కాచి పోశాను. పొద్దున్నే లేచి నేనే దంచి, నేనే మరిగించి, నేనే వడకట్టి ఇచ్చాను. తగ్గలేదు. ఒకరోజు బాత్రూమ్ దగ్గర అమ్మ కళ్ళు తిరిగి పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. హిమోగ్లోబిన్ ఆరు. స్కానింగులో గర్భసంచిలో గడ్డలు కనబడ్డాయి. రక్తం ఎక్కించి, ఆపరేషన్ చేశారు. ఇప్పుడు అమ్మ బావుంది. కానీ ఆ మూడు నెలలూ నన్ను వదల్లేదు.

కిందటేడు హైదరాబాదులో నాతో పనిచేసే మలయాళీ స్నేహితురాలికి ఈ కథంతా చెప్పి, మిగిలిన ముక్కలు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది అశోకంలా లేదే. మా అమ్మావన్ చూస్తే చెప్పేస్తాడు’ అంది. అమ్మావన్ అంటే మేనమామ. త్రిశ్శూరు దగ్గర పల్లెలో పాతకాలపు వైద్యం చేసే ఇల్లు వాళ్ళది. ఫిబ్రవరి నెలాఖర్లో పూత ఉంటుంది, అప్పుడు రమ్మంది.

రెండో రోజు: త్రిశ్శూరు

పొద్దున కళ్ళు తెరిచేసరికి కిటికీలో పాలక్కాడు కనుమ. రెండు పక్కలా కొండలు, మధ్యలో తలుపు తీసిపెట్టినట్టు ఖాళీ. అక్కడినుంచి ఊళ్ళ రంగే మారిపోయింది. కొబ్బరితోటలు, ఎర్రమట్టి, పెంకుటిళ్ళు.

వడక్కున్నాథన్ గుడి చుట్టూ తిరిగే రోడ్డు దాటి, సందుల్లో ఉన్న ‘అంగాడి మరున్ను’ కొట్లకు తీసుకెళ్ళింది స్నేహితురాలు. మన వనమూలికల కొట్లే అవి. గోనెసంచుల్లో తుంగముస్తలు, కరక్కాయలు, చిల్లగింజలు. వాసన మాత్రం మన కొట్లకంటే ఘాటు. ఒకచోట అశోక పట్ట అడిగితే కొట్టాయన రెండు రకాలు తీసి బల్లమీద పెట్టాడు, ధర కూడా రెండు రకాలుగా చెప్పాడు. ‘ఇది అసలుది, అది మామూలుది’ అన్నాడు. మామూలుది అంటే ఏమిటని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. నా గుండె అక్కడే జారింది. మా టౌన్లో నాకు ఆ రెండో రకమే ఇచ్చి ఉంటారు, అదీ ఒక్క ధరకే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనలో చాలామందికి అశోకచెట్టు అంటే స్కూలు గోడ వెంట, ఆఫీసు గేటు ముందు స్తంభంలా నిటారుగా పెరిగే చెట్టు. పొడుగాటి ఆకు, అంచులు అలల్లా వంకర్లు. మా హైస్కూల్లో పద్నాలుగు ఉండేవి, వాటి నీడలోనే మా ప్రేయర్. పండగలకు తోరణాలు కట్టేదీ ఆ ఆకులతోనే. అది అశోకం కాదు, నరమామిడి. సీతాఫలం కుటుంబానికి చెందిన చెట్టు. అసలు అశోకం చింత, తంగేడు కుటుంబానిది. రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. పేరు ఒకటైపోవడంతో బెరడూ ఒకటైపోయింది. ఆ పొరపాటు ఎక్కడో అడవిలో జరగలేదు. మన నాలుకమీదే జరిగింది.

మూడో రోజు: వాళచ్చాల్

పొద్దున్నే బస్సులో చాలకుడి, అక్కడినుంచి మరో బస్సులో అతిరప్పిళ్ళి జలపాతం మీదుగా వాళచ్చాల్. టూరిస్టులంతా జలపాతం దగ్గర దిగిపోయారు. మేం ఇంకో ఐదు కిలోమీటర్లు పైకి వెళ్ళాం.

ఇది తక్కువ ఎత్తులో, నది పక్కన ఉన్న సతతహరితారణ్యం. చాలకుడి నది రాళ్ళమధ్య నురగలు కక్కుతూ పోతోంది. కేరళలో ఉన్న నాలుగు రకాల హార్న్‌బిల్ పక్షులూ ఈ అడవిలో ఉన్నాయి. ఈ అడవిలో కాడర్ అనే గిరిజనులు ఉంటారు. తేనె, శీకాయ, సాంబ్రాణి లాంటి నల్లదామర సేకరిస్తారు. 2014లో ఇక్కడి తొమ్మిది కాడర్ గూడేలకు అడవిమీద సామూహిక హక్కు పత్రాలు వచ్చాయి. మాకు దారి చూపించినాయన కూడా కాడరే. యాభై దాటి ఉంటాయి. కాళ్ళకు చెప్పుల్లేవు. నడుస్తుంటే ఆకు చప్పుడు కూడా కాదు.

అశోకం చూడాలని అడిగితే, టికెట్ కౌంటరుకు ఎంతో దూరం పోకుండానే నదిలో కలిసే ఒక చిన్న వాగు పక్కకు తీసుకెళ్ళాడు. ‘దీనికి నీళ్ళ చప్పుడు వినబడాలి’ అన్నాడు. స్నేహితురాలు తర్జుమా చేసిన మాట అది, ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ముందు చెట్టు కనబడలేదు, పూలు కనబడ్డాయి. కొమ్మ చివర్లలో కాదు, కాండానికే అంటుకుని, మోకాలెత్తునుంచి పైదాకా గుత్తులు గుత్తులుగా. కొత్తగా విచ్చినవి పసుపు కలిసిన నారింజ, నిన్నమొన్నటివి ఎరుపు. ఒకే గుత్తిలో రెండు రంగులూ ఉన్నాయి. ఒక పువ్వు అరచేతిలో పెట్టుకుని చూశాను. రేకులే లేవు. నాలుగు చీలికలుగా కనబడేది రక్షకపత్రం, దాన్నే మనం రేకులనుకుంటాం. దాని మధ్యలోంచి పొడుగ్గా, పిల్లిమీసాల్లా కేసరాలు. సన్నటి తీపి వాసన.

ఆకు ఒంటి ఆకు కాదు. ఒక ఈనెకు నాలుగైదు జతలు, చివర ఒంటి ఆకు లేకుండా జతతోనే ముగుస్తుంది. లేత ఆకులైతే రాగి రంగులో, తడి గుడ్డ పిండి ఆరేసినట్టు మెత్తగా కిందికి వేలాడుతున్నాయి. సంస్కృతంలో దీన్ని తామ్రపల్లవం అని, హేమపుష్పం అని, వంజులం అని ఎందుకన్నారో ఆ వాగు ఒడ్డున నిలబడితే ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. అందగత్తె కాలు తగిలితేనే అశోకం పూస్తుందని మన కవులు రాసుకున్నారు. కాండం అడుగునుంచే పువ్వు పుట్టడం చూశాక, ఆ ఊహ ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో నాకు నాకుగా తోచింది.

ఇంకాస్త ముందుకెళ్ళాక దారి చూపించినాయన ఆగిపోయాడు. అక్కడో అశోకం నిలువునా ఎండిపోయి ఉంది. నడుమెత్తులో చుట్టూరా, మూరెడు మేర, బెరడు ఒలిచేసిన గుర్తు. బయటివాళ్ళు రాత్రిపూట వచ్చి చేసిన పని అన్నాడు. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు లోపలి పొరలోంచే వేళ్ళకు దిగుతుంది. ఒక పక్క చీరితే చెట్టు మెల్లగా మాన్చుకుంటుంది. చుట్టూ ఒలిస్తే ఆ దారి పూర్తిగా తెగి, వేళ్ళు ఆకలితో చస్తాయి, వాటితోపాటు చెట్టూ. అంతర్జాతీయ రెడ్ లిస్టులో అశోకం అంతరించే ముప్పున్న (వల్నరబుల్) జాతుల్లో ఉంది. ఆ ఎండిన కాండం మీద చెయ్యి వేస్తే అట్టముక్కలా పొడిపొడిగా తగిలింది. అమ్మ కోసం నేను అడిగిన పావుకిలో పట్ట అసలుదే అయ్యుంటే, అది ఇలాంటి చెట్టునుంచే వచ్చి ఉండేది కదా అనిపించింది. నకిలీ అయినా బాధే, అసలైనా బాధే. తిరుగు బస్సులో ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు.

నాలుగో రోజు: వైద్యర్ ఇల్లు

అమ్మావన్‌కు డెబ్భై పైనే. ఊరంతా ‘వైద్యర్’ అంటారు, నేనూ అలాగే పిలిచాను. పెరటి చివర పాతకాలపు సర్పకావు. పాముల కోసమని కత్తి పెట్టకుండా వదిలేసిన చిట్టడవి. అందులో ఆయన తాతగారి కాలంనాటి అశోకం ఒకటి ఉంది. దాని బెరడు ముట్టుకోరు. వాడుకకు పెరట్లో విడిగా ఆరు చెట్లు పెంచుతున్నారు.

ముందు నా కవరు తీసి చేతికిచ్చాను. వెంటనే ఏమీ అనలేదు. గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, లోపలినుంచి తన పట్ట ముక్క ఒకటి తెప్పించి పక్కపక్కన పెట్టాడు. ఆయనది బయటవైపు బూడిద కలిసిన గోధుమరంగు, తడిమితే పులిపిర్లలా చిన్నచిన్న బొడిపెలు. లోపలివైపు ఎర్రటి గోధుమరంగు, నిలువుగా సన్నటి నారలు. విరిస్తే పేడులుగా చీలింది. నాది లోపల పాలిపోయి ఉంది, విరిస్తే పీచులా సాగింది. నోట్లో వేసుకోమని రెండూ ఇచ్చాడు. ఆయనది నాలుక పట్టేసే వగరు, తర్వాత చేదు. నాది ఉత్త కర్ర నమిలినట్టే ఉంది.

‘ఇది అరణమరం’ అన్నాడు. నరమామిడిని వాళ్ళు పిలిచే పేరు.

తర్వాత కత్తి తీసుకుని పెరట్లోకి నడిచాడు. గాలికి విరిగి వేలాడుతున్న బొటనవేలంత కొమ్మను ఏటవాలుగా కోసి నా చేతికిచ్చాడు. కోసినచోట తెల్లగా ఉంది. ‘చూస్తూ ఉండు’ అన్నాడు. నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. తెల్లటి అంచు మెల్లగా పసుపు పచ్చబడి, తర్వాత ఎర్రబారింది. పచ్చి పట్టను గుర్తుపట్టడానికి వాళ్ళ ఇంట్లో చూసేది ఇదేనట.

నేను ఆశపడి, పచ్చి పట్ట కొంచెం తీసిస్తారా, ఇంటికి పట్టుకెళతాను అన్నాను. ఇవ్వలేదు. బెరడు తీయడానికి శరదృతువే కాలం, పూత మీదున్న చెట్టుకు కత్తి పెట్టకూడదు అన్నాడు. తీసేటప్పుడు కూడా ముందు కొమ్మలవి తీస్తారు. కాండంమీద తీయాల్సి వస్తే ఒక్క పక్కనే, నిలువుగా, నాలుగు వేళ్ళ వెడల్పు మించకుండా. గాయానికి పేడ, మట్టి కలిపి మెత్తుతారు. అదే చెట్టు జోలికి మళ్ళీ కొన్నేళ్ళు పోరు. తీసిన పట్టను నీడలోనే ఆరబెడతారు.

మధ్యాహ్నం ఆయన భార్య పాల్‌కషాయం కాచి చూపించింది. మన వైద్యులు క్షీరపాకం అనేది ఇదే. లెక్క పాతదే: పట్ట ఒక వంతు, పాలు ఎనిమిది వంతులు, నీళ్ళు ముప్ఫై రెండు వంతులు. పదిహేను గ్రాముల పట్టను కచ్చాపచ్చాగా దంచి, పల్చటి గుడ్డలో మూటకట్టింది. నూట ఇరవై మిల్లీలీటర్ల పాలు, నాలుగువందల ఎనభై మిల్లీలీటర్ల నీళ్ళు. నీళ్ళన్నీ ఇగిరి పాలంత మిగిలేదాకా కాయాలి. ఎంత మిగిలిందో ఎలా తెలుస్తుందన్నాను. ఆవిడ ముందే గిన్నెలో పాలు మాత్రమే పోసి, కొబ్బరి ఈనె నిలువుగా ముంచి, తడి అయిన చోట గోటితో నొక్కి గుర్తు పెట్టింది. ఆ తర్వాతే నీళ్ళు పోసి, మూట వేసింది. మధ్యమధ్యలో ఈనె ముంచి చూస్తూ, గుర్తు దగ్గరికి రాగానే దించేసింది. గంట పైనే పట్టింది. మంట పెంచితే పట్టలోని వగరుకు పాలు విరుగుతాయట, అందుకే సెగ ఎప్పుడూ సన్నగానే. నేను ఆ మూడు నెలలూ ఉద్యోగం హడావుడిలో పెద్ద మంట మీద పది నిమిషాల్లో కాచేసేదాన్ని. నీళ్ళు ఎంత, పట్ట ఎంత అని ఎవర్నీ అడగలేదు.

దించిన పాలు లేత ఇటికరంగులో ఉన్నాయి. గుక్కెడు తాగాను. వగరు ఉంది కానీ పాలు దాన్ని మెత్తబరిచాయి.

ఎవరికిస్తారని అడిగాను. నెలసరిలో ఎక్కువ పోయే ఆడపిల్లలకు, తెల్లబట్టకు, కాన్పు తర్వాత నీరసించినవాళ్ళకు వాళ్ళింట్లో వాడుక. కడుపుతో ఉన్నవాళ్ళకు ఇవ్వరు. మలబద్ధకం ఉంటే ముందు అది సరిచేశాకే. అమ్మ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు విని ఒక్కటే అన్నాడు: ‘నలభై దాటిన మనిషికి రక్తం ఆగకపోతే నేను స్కానింగు కాగితం చూడకుండా పట్ట ముట్టుకోను. మంచి పట్టయినా గడ్డను కరిగించదు.’ అసలు అశోకం దొరికి ఉంటే అమ్మకు నయమయ్యేదేమో అన్న ఆలోచన ఐదేళ్ళుగా నాలో ఎక్కడో ఉండిపోయింది. అది ఆ గుమ్మంలో పోయింది. నా తప్పు పట్టలో లేదు, ఆలస్యంలో ఉంది. ఏడుపొచ్చింది. ఆవిడ మజ్జిగ తెచ్చిచ్చింది.

సాయంత్రం అరిష్టం, అంటే పులియబెట్టిన కషాయం, ఉన్న జాడీ విప్పారు. ఇదే నాకు అన్నిటికంటే నచ్చింది. అశోకారిష్టం పాఠం భైషజ్య రత్నావళి అనే ఆయుర్వేద గ్రంథంలోది. ఈనాటి తూకాల్లో చెబితే 4.8 కిలోల పట్టను 49 లీటర్ల పైచిలుకు నీళ్ళలో నాలుగో వంతు మిగిలేదాకా కాచి, వడకట్టి, చల్లారాక 9.6 కిలోల బెల్లం కరిగిస్తారు. అందులో 768 గ్రాముల ధాతకి పూలు వేస్తారు. మన దగ్గర ఆరెపువ్వు అంటారు. ఇంకా పన్నెండు దినుసులు, ఒక్కోటి 48 గ్రాములు: జీలకర్ర, నల్లజీలకర్ర, శొంఠి, తుంగముస్తలు, మానిపసుపు, నల్లకలువ, కరక్కాయ, తానికాయ, ఉసిరిక, మామిడి జీడి, అడ్డసరం, చందనం. వైద్యర్ ఇంట్లో ఇందులో పదో వంతే చేస్తారు. ఐదు లీటర్ల కంటే తక్కువ నీళ్ళు కాగి కాగి లీటరుంబావు దగ్గర ఆగుతాయి.

జాడీ మూతకు గుడ్డ చుట్టి మట్టి మెత్తారు. మన చీలమన్నే అది. వడ్ల గాదెలో నెల రోజులు పెట్టారు. సారా కలిపేదేమీ లేదు. ఆరెపూలకు అంటుకుని వచ్చే ఈస్టు బెల్లాన్ని పులియబెట్టి, లోపలే కొద్దిగా ఆల్కహాలు పుట్టిస్తుంది. పులవడం అయిందో లేదో చూడ్డానికి ఆయన మట్టి గీకేసి, మూత కాస్త జరిపి, ముందు చెవి ఆనించాడు. నన్నూ ఆనించమన్నాడు. ఏ చప్పుడూ లేదు. నెల మొదట్లో అయితే బుస్సుమని వినిపిస్తుందట. తర్వాత అగ్గిపుల్ల వెలిగించి జాడీ మూతి దగ్గర పట్టాడు. ఇంకా పులుస్తూ ఉంటే లోపలి గాలికి పుల్ల ఆరిపోతుంది. ఆరలేదు, చివరిదాకా నిబ్బరంగా వెలిగింది. ‘అయింది’ అన్నాడు. వడకట్టి ఓ చెంచా ఇచ్చాడు. తీపి, దాని వెనక వగరు, గొంతులో చిన్న వెచ్చదనం.

ఐదో రోజు: కోట్టక్కల్

బస్సులో కోట్టక్కల్ వెళ్ళొచ్చాం. కుట్టిప్పురం దగ్గర భారతప్పుళ వంతెన మీదినుంచి చూస్తే నీళ్ళకంటే ఇసకే ఎక్కువ. అక్కడి ఆయుర్వేద మందుల సంస్థ ఆర్యవైద్యశాలను 1902లో పి.ఎస్. వారియర్ స్థాపించారు. అంతకుముందు వైద్యుడు చీటీ రాసిస్తే, రోగి ఇంటివాళ్ళే దినుసులు వెతికి తెచ్చి కాచుకునేవాళ్ళు. కాచిన మందును సీసాలో పెట్టి అమ్మడం ఆయన తెచ్చిన మార్పు. నిన్న ఈనె ముంచి కాయడం చూసినదాన్ని కాబట్టి, ఆ మార్పు ఎంతమంది ఆడవాళ్ళకు పొయ్యి దగ్గర గంటల పని తప్పించిందో తెలిసింది. అదే సమయంలో పట్ట ముఖం చూసే అవసరం కూడా ఇళ్ళలో పోయింది. మ్యూజియం, మూలికల తోట చూసి చీకటి పడేలోపు వెనక్కి వచ్చేశాం.

ఆరో రోజు, ఏడో రోజు: ఇంటికి

పట్ట ఇవ్వలేదు కానీ, బయల్దేరేటప్పుడు వైద్యర్ ఒక మొక్క ఇచ్చాడు. జానెడున్నర ఉంటుంది. అశోక గింజ ఎండితే త్వరగా చచ్చిపోతుంది, కాయ పండి రాలగానే నాటాలి. ఇది కిందటేటి కాయది. మొదటి రెండేళ్ళు ఎండ తగలనివ్వొద్దు, వేరు దగ్గర తడి ఆరనివ్వొద్దు అని పదిసార్లు చెప్పాడు.

రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. కొత్త చిగురు ఒకటి రాగి రంగులో, కాడ విరిగినట్టు వేలాడుతోంది. ఎదురు సీటులో ఒంగోలు పెద్దావిడ చూసి, ‘వాడిపోయిందమ్మా, కాసిని నీళ్ళు పొయ్యి’ అని తన సీసా తీసి ఇచ్చింది. అశోకం అని చెప్పాను. ‘అశోకం ఇట్టా ఉండదే, మా ఇంటి ముందర రెండున్నాయి, తాటిచెట్టంత పోయినయ్’ అంది. ఫోన్లో వాగు ఒడ్డున తీసిన పూల ఫొటోలు చూపించాను. ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసి, పక్కనున్న మనవరాలికి కూడా చూపించింది.

అమ్మ గేటు దగ్గరే ఎదురొచ్చింది. బావి గట్టుకు తూర్పున, జామచెట్టు నీడలో, గిన్నెలు కడిగిన నీళ్ళు పారేచోట తనే గుంట తవ్వింది. వేలాడే చిగురు చూసి తనకూ టెన్షనే, బతుకుతుందా అని. తొమ్మిదో రోజున ఫోన్ చేసింది. ఆ చిగురు తల ఎత్తిందట, రాగి రంగు పోయి ఆకుపచ్చ తిరుగుతోందట. ఎన్ని జతలున్నాయో లెక్కపెట్టమన్నాను. నాలుగు అంది.